రెండు కోర్టులూ ఒకే మాట అన్నప్పుడు

పొలం గట్టు దగ్గర మొదలైన తగాదా దావాగా మారి, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఓడి, అప్పీలులో మళ్లీ ఓడిన రైతుకు ఒక నమ్మకం మిగిలే ఉంటుంది. హైకోర్టుకు వెళ్తే అసలు సంగతి తేలుతుందని. అక్కడ కాగితాలన్నీ మొదటి నుంచి చదువుతారని, అవతలి సాక్షి ఆడిన అబద్ధం ఇట్టే పట్టేస్తారని. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షను అందుకు ఒప్పుకోదు. గట్టు ఎవరు జరిపారు, దస్తావేజు మీద వేలిముద్ర ఎవరిది, సాక్షి మాట నమ్మొచ్చా అన్నవి కింది రెండు కోర్టులతోనే ముగిసిపోయిన సంగతులు. సెకండ్ అప్పీలును హైకోర్టు వినాలంటే అందులో ‘సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా’ ఉండాలి, అంటే చట్టానికి సంబంధించిన బరువైన ప్రశ్న ఒకటి ఇమిడి ఉండాలి. దాన్ని అప్పీలు మెమోలో కచ్చితంగా రాయాలి. జడ్జికి ఉందనిపిస్తే తానుగా దాన్ని రూపొందించాలి. ఆ తర్వాత వాదన ఆ ప్రశ్న చుట్టూనే తిరగాలి. లేదనిపిస్తే అడ్మిషన్ దశలోనే కొట్టేయవచ్చు, అవతలి పక్షానికి నోటీసు కూడా వెళ్లనక్కర్లేదు. ఈ గడప ఉండాలా వద్దా అన్నది నా తగవు కాదు, ఉండాల్సిందే. కానీ ఈ గడప దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటైతే మనం అడుగుతున్నది ఇంకొకటని, దానివల్ల కింద ఎవరి కేసును సరిగా వినలేదో సరిగ్గా వాళ్ల ముఖం మీదే తలుపు గట్టిగా పడుతోందని నా అభిప్రాయం.

ఆంక్ష కొత్తదేమీ కాదు. 1890లోనే ప్రీవీ కౌన్సిల్ దుర్గా చౌధురాణి కేసులో ఈ సంగతి తేల్చేసింది. వాస్తవాల విషయంలో కింది కోర్టు ఎంత ఘోరంగా, క్షమించరానంతగా పొరబడినా సెకండ్ అప్పీలులో దాన్ని దిద్దే అధికారం లేదంది. అయినా కళ్లెదుట అన్యాయం కనిపిస్తుంటే హైకోర్టు జడ్జీల చేతులు ఊరుకునేవి కావు. సాక్ష్యాలు తిరగేసి తీర్పులు మార్చేవారు. దీనితో విసిగిపోయినవారిలో మన కోకా సుబ్బారావు ఒకరు. ఆంధ్ర హైకోర్టు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లిన సుబ్బారావు, పట్టాభిరామస్వామి దేవుడి పేరు మీద నడిచిన ఒక కేసులో ఆ విసుగును దాచుకోలేదు. కొందరు హైకోర్టు జడ్జీలు సెకండ్ అప్పీళ్లను ఫస్ట్ అప్పీళ్లలా వింటున్నారని, అది లేని అధికారాన్ని చెలాయించడమే కాక వ్యాజ్యాల్లోకి జూదాన్ని తెస్తోందని, జనాన్ని గందరగోళంలో పడేస్తోందని రాశారు. జూదం అన్నది సరైన మాటే. కేసు ఏ జడ్జి ముందుకు వెళ్తుందన్న దాన్ని బట్టి ఫలితం మారే పనైతే ఇక చట్టం ఎందుకు? లా కమిషన్ 1973 నాటి 54వ నివేదికలో గడపను ఇంకా ఎత్తు చేయమంది, 1976లో పార్లమెంటు చేసింది, 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. అంతకుముందు చట్టవిరుద్ధమైన తీర్పు, ముఖ్యమైన చట్టాంశాన్ని తేల్చకుండా వదిలేయడం, తీర్పునే తప్పుదారి పట్టించగల ప్రొసీజరు లోపం అనే మూడు దారులు ఉండేవి. వాటన్నిటినీ మూసి ‘బరువైన చట్టప్రశ్న’ అన్న ఒక్క దారి ఉంచారు. మూడో దారి మూయడం వల్ల ఏం పోయిందో కాసేపట్లో చూద్దాం.

బరువు ఎంతుంటే బరువు? చట్టంలో నిర్వచనం లేదు. కోర్టులు వాడే కొలబద్దను 1962లో సర్ చునీలాల్ మెహతా కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. దాని మూలం 1951లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి రిమ్మలపూడి సుబ్బారావు కేసులో చెప్పిన మాట. ప్రశ్న పదిమందికీ పట్టేదై ఉండాలి, లేదా కక్షిదారుల హక్కులను నేరుగా, గట్టిగా తాకేదై ఉండాలి. పైకోర్టులు అంతకుముందే తేల్చేసింది కాకూడదు, లేదంటే రెండు వైపులా వాదించదగినంత చిక్కున్నదై ఉండాలి. స్థిరపడిన సూత్రాన్ని ఈ కేసు వాస్తవాలకు అన్వయించడమే మిగిలితే అది లెక్కలోకి రాదు. వినడానికి బాగానే ఉంది. అయితే ఈ రెండు కేసులూ 100వ సెక్షను కింద వచ్చినవి కావు, హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లడానికి అనుమతి కోరినవి. అప్పటి రాజ్యాంగం 133వ అధికరణ ప్రకారం ఇరవై వేల రూపాయలు, ఆపైన విలువున్న తగాదాకు ఆ దారి ఉండేది. కింది కోర్టు తీర్పునే హైకోర్టు ఖాయం చేసి ఉంటే మాత్రం బరువైన చట్టప్రశ్న కూడా చూపించాలి. చునీలాల్ మెహతా తగాదా బొంబాయిలో ఒక పెద్ద బట్టల మిల్లు మేనేజింగ్ ఏజెన్సీ గురించి. అక్కడ ఆ కొలబద్ద న్యాయమైనదే. ఎందుకంటే వాస్తవాలను అప్పటికే హైకోర్టు తాను చూసి తేల్చి ఉంటుంది, ఇక ఢిల్లీ దాకా వెళ్లడానికి చట్టం తప్ప ఏమీ మిగలదు. అదే కొలబద్దను తెచ్చి అరెకరం పొలం హద్దు దావాకు పెట్టాం. ఇక్కడ వాస్తవాలను చివరిసారి చూసింది హైకోర్టు కాదు, జిల్లాలో ఏ పట్టణంలోనో ఉన్న సీనియర్ సివిల్ జడ్జి లేదా జిల్లా జడ్జి. కొలబద్ద మారలేదు గానీ, దాని కింద ఉన్న నేల మారిపోయింది.

పోల్చి చూడటానికి ఇంకో నిబంధన చెబుతాను. డబ్బు వసూలు దావా విలువ 25,000 రూపాయలు దాటకపోతే సెకండ్ అప్పీలే లేదంటుంది 102వ సెక్షను. 2002 నుంచి అంకె అదే. మన ఊళ్లలో చిన్న ప్రోనోటు దావాలు చాలామటుకు ఇక్కడే ఆగిపోతాయి, అందులో ఎంత పెద్ద చట్టప్రశ్న ఉన్నా సరే. ఇది కఠినమైన నిబంధనే, కానీ నిజాయితీ ఉన్నది. ప్రోనోటు పట్టుకుని వచ్చిన మనిషికి జూనియర్ వకీలు కూడా మొదటి రోజే చెప్పగలడు, మీ దారి జిల్లాలోనే ఆఖరని. ఎవరి విచక్షణతోనూ పని లేదు కాబట్టి ఆశ పెట్టి ఊరించదు. 100వ సెక్షను అలా కాదు. అది తలుపు ఓరగా తీసి పెడుతుంది. అది ఎవరికి తెరుచుకుంటుందో సర్టిఫైడ్ కాపీలు తెచ్చి, కోర్టు ఫీజు కట్టి, తొంభై రోజుల గడువులో ఫైలు చేసి, అడ్మిషన్ రోజున కోర్టులో నిలబడే దాకా తెలియదు.

అందుకే ఈ గడప దగ్గర ఒక వింత హస్తకళ పెరిగింది. వాస్తవానికి చట్టం వేషం వేసే కళ. ఇంజంక్షన్ దావా ఒకటి ఊహించండి. తూర్పు హద్దు ఎక్కడన్నదే తగాదా. వాది రిజిస్టర్డ్ దస్తావేజు ఎగ్జిబిట్ ఎ-1, అడంగల్ నకలు ఎ-3, అడ్వొకేట్ కమిషనర్ కొలిచి గీసిన స్కెచ్చి సి-1. కోర్టు వాది సాక్షులను నమ్మలేదు, దావా కొట్టేసింది, అప్పీలు కోర్టు ఖాయం చేసింది. వాది మనసులో ఉన్న మాట ఒకటే: ‘నా సాక్షులు నిజం చెప్పారు.’ ఆ మాట హైకోర్టులో చెల్లదు. కాబట్టి మెమోలో అది ఇలా మారుతుంది: ‘ఎగ్జిబిట్ ఎ-3ను, కమిషనర్ రిపోర్టును పరిగణించకుండా కింది కోర్టులు తీసుకున్న నిర్ణయం పర్వర్స్ కాదా?’ సాక్ష్యాన్ని బొత్తిగా వదిలేసి, ఏ ఆధారమూ లేకుండా చేసిన నిర్ణయం పర్వర్స్ అవుతుందని, అది చట్టప్రశ్న కిందికి వస్తుందని కోర్టులే ఒప్పుకున్నాయి. హక్కు దస్తావేజుకు తప్పుడు అర్థం చెప్పడం కూడా అంతే. ఈ రెండు మాటల్లో ఏ వాస్తవాన్నైనా ఇరికించవచ్చు, అనుభవమున్న వకీలు ఇరికిస్తాడు. చేయి తిరగని వకీలు దొరికిన కక్షిదారు మెమోలో అదే సంగతి ‘కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా అంచనా వేయలేదు’ అని నేరుగా ఉంటుంది, కేసు గడప దగ్గరే ఆగిపోతుంది. కేసు అదే, పొలం అదే, రాతలోనే తేడా. కోకా సుబ్బారావు జూదమన్నది జడ్జిని బట్టి ఫలితం మారడాన్ని. 1976 సవరణ దాన్ని పూర్తిగా తీసేయలేదు, కొంత భాగాన్ని వకీలు కలానికి బదిలీ చేసింది.

ఇప్పుడు అసలు చిక్కు. కింది రెండు కోర్టులూ ఒకే నిర్ణయానికి వస్తే దాన్ని ‘కాంకరెంట్ ఫైండింగ్’ అంటారు. హైకోర్టు దాని జోలికి వెళ్లడానికి మరీ జంకుతుంది. తర్కం సబబే: ఇద్దరు జడ్జీలు విడివిడిగా చూసి ఒకే మాట చెప్పారంటే అది నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఈ తర్కమంతా ‘విడివిడిగా చూసి’ అన్న మాట మీద నిలబడి ఉంది. కోడ్ 96వ సెక్షను కింద ఫస్ట్ అప్పీలంటే వాస్తవం, చట్టం రెండిటినీ కొత్తగా వినడం. 41వ ఆర్డరు 31వ రూలు ఇంకా వివరంగా చెబుతుంది. తేల్చవలసిన అంశాలేవో రాయాలి, ఒక్కోదాని మీద నిర్ణయం రాయాలి, కారణాలు రాయాలి. 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు, వాస్తవాలకు ఆఖరి కోర్టు ఇదే కాబట్టి ఫస్ట్ అప్పీలు కోర్టు బుద్ధిపెట్టి చూసిందన్న సంగతి తీర్పులో కనబడాలని గట్టిగా చెప్పింది. అయితే అందులోనే ఒక వెసులుబాటూ ఉంది. కింది తీర్పును తిరగరాస్తే దాని కారణాలతో తలపడి సొంత కారణాలు చెప్పాలి. ఖాయం చేస్తున్నప్పుడు మాత్రం సాక్ష్యమంతా తిరిగి రాయనక్కర్లేదు, కింది కోర్టు కారణాలతో ఏకీభవిస్తున్నానంటే మామూలుగా చాలు. 1967 నాటి గిరిజానందినీదేవి కేసు నుంచి ఉన్న మాటే ఇది. పని తప్పించుకోవడానికి దీన్ని వాడుకోకూడదన్న హెచ్చరికా పక్కనే ఉంది. హెచ్చరికను ఎవరు పట్టించుకున్నారో గడప దగ్గర ఎలా తెలుస్తుంది? ఫస్ట్ అప్పీలు జడ్జి రికార్డంతా చదివి, ఆలోచించి, ఏకీభవించి నాలుగు పేజీలు రాసినా, కింది తీర్పు సారాంశం నాలుగు పేజీలు ఎత్తిరాసి చివర ‘ఏకీభవిస్తున్నాను’ అన్నా, పై నుంచి చూస్తే రెండూ కాంకరెంట్ ఫైండింగే. ఎంత తక్కువ పని జరిగితే తీర్పు అంత చెక్కుచెదరనిదవుతుందన్న మాట. కష్టపడి చదివి, కింది తీర్పుతో విభేదించిన జడ్జి తీర్పు మాత్రం హైకోర్టులో ప్రశ్నలకు గురవుతుంది, ‘రెండు కోర్టులు రెండు రకాలుగా అన్నాయి కదా’ అని.

కింద కూర్చున్నవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. జిల్లా జడ్జి సెషన్స్ జడ్జి కూడా. అదే మనిషి అదే వారంలో హత్యకేసు సాక్షులను వినాలి, బెయిలు పిటిషన్లు చూడాలి, మోటారు ప్రమాదాల పరిహారం తేల్చాలి. జైల్లో మనిషి ఉన్న కేసు ముందు పొలం అప్పీలు వెనక్కి జరగడం సహజం. చట్టం మాత్రం ఆ కుర్చీలోని మనిషికే వాస్తవాల మీద ఆఖరి మాట ఇచ్చింది. ‘కింది కోర్టు సాక్షిని కళ్లారా చూసింది, హైకోర్టు చూడలేదు’ అన్న పాత సమర్థన ఇక్కడ పనికిరాదు. సాక్షిని చూసింది మొదటి కోర్టు ఒక్కటే. అప్పీలు జడ్జి చూసిందీ కాగితాలే, హైకోర్టు చూడబోయేదీ అవే కాగితాలు. మొదటి కోర్టు నమ్మిన సాక్షిని అప్పీలు కోర్టు నమ్మకపోతే, 100వ సెక్షను సాక్షి ముఖం చూడని జడ్జి మాటనే ఆఖరి మాట చేస్తుంది. ఆఖరి మాట ఎక్కడో ఒకచోట ఉండాలి, నిజమే. కానీ ఉన్నచోట పని జరిగిందా అని చూసే బాధ్యత పైనున్నవాళ్లది కాదా?

కాబట్టి అడ్మిషన్ రోజున హైకోర్టు మొదట అడగవలసింది ‘ఇందులో బరువైన చట్టప్రశ్న ఉందా’ అని కాదు, ‘ఫస్ట్ అప్పీలు నిజంగా జరిగిందా’ అని. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 41వ ఆర్డరు 31వ రూలు చట్టమే, దాన్ని పాటించకపోవడం చట్టప్రశ్నే. 1976లో మూసేసిన మూడో దారి సరిగ్గా ఇదే, తీర్పునే తప్పుదారి పట్టించే ప్రొసీజరు లోపం. పాత పేరుతో అది పోయింది గానీ ఇప్పటి మాటల్లోనూ ఇముడుతుంది. వదిలేసిన సాక్ష్యం మీద ‘పర్వర్స్’ అన్న ముద్ర వేసి దొడ్డిదారిన తెచ్చే బదులు, అప్పీలు తీర్పులో అంశాలు రాశారా, ఒక్కోదానికి కారణం ఉందా, ఎ-3 ప్రస్తావన అసలుందా అని పేజీలు తిప్పి చూడటం సులువు, కచ్చితం. ఏ జడ్జి చూసినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. పని జరిగి ఉంటే, నిర్ణయం తనకు నచ్చకపోయినా హైకోర్టు తలుపు వేసేయాలి. ఆ విషయంలో నేను ప్రీవీ కౌన్సిల్ వైపే.

ఇలా చేస్తే హైకోర్టు కేసుల వరదలో మునిగిపోతుందని మొదటి అభ్యంతరం. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. బరువైన ప్రశ్న ఉందా లేదా అన్న వాదనకే సమయం పోతోంది. ప్రశ్న రూపొందించి అడ్మిట్ చేసిన అప్పీలు ఏళ్లు గడిచి విచారణకు వచ్చాక, అసలు ఇది ప్రశ్నే కాదని తేలే సందర్భాలూ ఉంటాయి. చట్టమే ఆ వాదనకు వీలిచ్చింది కదా. ప్రశ్న రూపొందించకుండానే తీర్పు ఇచ్చారని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు హైకోర్టు తీర్పులను కొట్టేసి వెనక్కి పంపింది. రూపం తప్పినందుకు కేసు మళ్లీ మొదటికొస్తుంటే ఆదా అయిన సమయం ఎక్కడుంది? పంజాబ్, హర్యానాల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ 1918 నాటి పంజాబ్ కోర్ట్స్ యాక్ట్ 41వ సెక్షను అమల్లో ఉంది. 2016లో పంకజాక్షి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన తర్వాత ఆ హైకోర్టుకు బరువైన చట్టప్రశ్నతో పని లేకుండా పోయింది. పాత మూడు దారులూ అక్కడ తెరిచే ఉన్నాయి. అమరావతిలో, హైదరాబాదులో గడప దాటలేని పొలం తగాదా చండీగఢ్‌లో దాటగలదు. ఇంత తేడాను ఒకే దేశం భరించగలిగినప్పుడు, మన గడప ఉన్నది ఉన్నట్టే ఉండకపోతే వ్యవస్థ కూలిపోతుందన్న భయం కాస్త పెద్దదే. నాకైతే పంజాబ్ పద్ధతి అంతా ఇక్కడికి తేవాలని లేదు. సుబ్బారావు చెప్పిన జూదం అక్కడ ఇంకా ఎక్కువే కావచ్చు.

రెండు అవకాశాలిచ్చాం, మూడోది ఎందుకన్నది రెండో అభ్యంతరం. ఒప్పుకుంటాను, రెండు చాలు. ఆ రెండూ రెండై ఉండాలన్నదే నా పట్టు. మొదటి తీర్పు నకలులాంటి అప్పీలు తీర్పు వచ్చిన కక్షిదారుకు అందింది ఒక్క అవకాశమే, దానికి రెండు నంబర్లు పడ్డాయంతే.

మూడోది అన్నిటికంటే గట్టిది. ఫస్ట్ అప్పీలు సరిగా జరగలేదంటే హైకోర్టు కేసును తిప్పి పంపాలి. తిప్పి పంపితే మళ్లీ ఐదారేళ్లు, మళ్లీ ఓడినవాళ్లు పైకి, దావా వేసినవాడి మనవలు వారసులుగా రికార్డులోకి రావడం. గెలిచిన మనిషి కూడా పొలం అనుభవించలేడు. ఈ భయం నిజమైనది, దీన్ని కొట్టిపారేసేవాళ్లు ట్రయల్ కోర్టు వరండాలో ఒక పూట కూర్చోలేదనుకోవాలి. అయితే దీనికి జవాబు కూడా కోడ్‌లోనే ఉంది. కింది కోర్టులు ఒక వాస్తవాంశాన్ని తేల్చకుండా వదిలేసినా, చట్టప్రశ్నలో పొరబడి దాన్ని తప్పుగా తేల్చినా, రికార్డులో ఉన్న సాక్ష్యం చాలినంత ఉంటే ఆ అంశాన్ని తానే తేల్చే అధికారం 103వ సెక్షను హైకోర్టుకు ఇస్తోంది. 1976 సవరణ దీన్ని ఉంచింది, ఇంకా కొంచెం వివరంగా రాసింది కూడా. తూర్పు హద్దు కేసులో ఎ-1, ఎ-3, సి-1 మూడూ రికార్డులోనే ఉన్నాయి. కమిషనర్‌ను ప్రశ్నించి ఉంటే ఆ వాంగ్మూలం తెలుగులోనే ఉండవచ్చు, హైకోర్టులో తెలుగు చదవగల జడ్జీలకు కొదవ లేదు. ఆ కట్టను జిల్లాకు తిప్పి పంపే బదులు అక్కడే విప్పి, దస్తావేజులోని తూర్పు హద్దు స్కెచ్చిలో ఎక్కడ పడుతుందో చూసి డిక్రీ ఇచ్చేయవచ్చు. అలా చేస్తే హైకోర్టు ఫస్ట్ అప్పీలు కోర్టు అవతారం ఎత్తినట్టు కాదా అంటే, ఆ ఒక్క అంశం మేరకు అవును, చట్టం ఇచ్చిన అధికారంతోనే. తిప్పి పంపే ప్రతి ఉత్తర్వులోనూ ‘103వ సెక్షను కింద నేనే ఎందుకు తేల్చడం లేదు’ అన్నదానికి రెండు వాక్యాల కారణం రాయాలని నిబంధన పెట్టుకోవాలి. అందుకు పార్లమెంటు దాకా కూడా వెళ్లనక్కర్లేదు, హైకోర్టులు తమ రూల్సులోనే రాసుకోవచ్చు.